మందుకు లొంగని క్రిములు – పాడి సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పోయిన వర్షాకాలంలో ఒక సంఘం నుంచి సాయంకాలపు పాలు పద్నాలుగు క్యాన్లు శీతలీకరణ కేంద్రానికి వెళ్ళి, వెళ్ళిన బండిలోనే తిరిగి వచ్చాయి. వెన్న శాతం బాగానే ఉన్నది. నీళ్ళు కలవలేదు. పులియలేదు. అయినా కేంద్రంలోని పరీక్షకుడు పాలలో కాగితపు పట్టీ ముంచి చూసి, ఇందులో యాంటీబయాటిక్ మందు ఉన్నది కనుక దించుకొనేది లేదని చీటీ వ్రాసి పంపాడు. పద్నాలుగు క్యాన్లంటే 560 లీటర్లు. ఊరి చివర గుంట తీసి పారబోశారు.

మరునాడు పాల కేంద్రం అరుగు మీద పెద్ద రభస జరిగింది. ఎవరి పాల వలన ఇంత నష్టం వచ్చిందో తేల్చందే చుక్క పోయమని కొందరు, పరీక్షే తప్పని కొందరు. కార్యదర్శి మాకు కబురు చేశాడు. ఆ విచారణలో మాకు తెలిసివచ్చిన సంగతులే ఈ పాఠం. మేము పశువైద్యులం కాము. సహకార శిక్షణలో డిప్లొమా చేసి, ముప్పై ఏళ్ళుగా సంఘాల లెక్కలు తనిఖీ చేస్తున్నవాళ్ళం. ఇందులోని వైద్య విషయాలు పశువైద్యాధికారులను అడిగి, చదివి తెలుసుకొన్నవి. లెక్కల సంగతి మాత్రం మా సొంతం.

జరిగింది ఇది

ఉదయం పోసిన ప్రతి సభ్యుని పాల నమూనానూ విడిగా తీసి పట్టీ పరీక్ష చేయించాము. ఒకే ఒక్క నమూనా పట్టుబడింది. భర్త పోయిన తరువాత రెండు గేదెల మీదనే ఇల్లు గడుపుకొంటున్న ఒక సభ్యురాలిది అది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటారు. మేమూ అట్లాగే పిలిచాము. పద్దెనిమిది సంవత్సరాలలో ఒక్కనాడైనా నీళ్ళు కలిపినట్లు ఆమె ఖాతాలో లేదు.

"పెద్దమ్మా, గేదెకేమైనా మందు వేయించారా?" అని అడిగాము.

"వేయించాను బాబూ. ఎడమ పక్క వెనక చన్ను రాయిలాగ గట్టిపడింది. పాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. సూదులు వేసే అబ్బాయి వచ్చి మెడకు ఒక సూది వేసి, చన్నులోకి ఒక ట్యూబు ఎక్కించాడు. ఇంకో రెండు ట్యూబులిచ్చి రోజుకొకటి ఎక్కించమన్నాడు. రెండో రోజుకే వాపు తీసింది. తీసినాక మందెందుకు దండగ చేయడమని ఆ రెండూ దూలం మీద దాచాను. మళ్ళీ వస్తే పనికొస్తాయి గదా. ఆ చన్ను పాలు నేను పోయలేదు బాబూ, దూడకు పట్టాను. మంచి చన్నులు మూడింటి పాలే పోశాను."

ఆమె అబద్ధమాడలేదు. ఆమె చేసినట్లే మన సంఘాలలో వందల ఇళ్ళలో చేస్తున్నారు. అందుకే ఒక్కొక్క మాటే తీసుకొని వివరంగా వ్రాస్తున్నాము.

మెడకు వేసిన సూది పాలలోకి ఎట్లా వచ్చింది?

పాలు తయారయ్యేది రక్తం నుంచి. పొదుగు గుండా ఎంతో రక్తం ప్రవహిస్తేనే లీటరు పాలు వస్తాయి. మెడకు వేసినా, తొడకు వేసినా మందు రక్తంలో కలుస్తుంది. రక్తంతో పొదుగుకు చేరి నాలుగు చన్నులలోకీ దిగుతుంది. ఒక చన్నులోకి ఎక్కించిన ట్యూబు మందు కూడా కొంత రక్తంలోకి పోయి మిగిలిన మూడింటిలోకి రాగలదు. కనుక మందు వేసిన పశువు నాలుగు చన్నుల పాలూ ఆపవలసిందే. మూడు మంచివి, ఒకటి చెడ్డది అనే లెక్క ఇక్కడ కుదరదు.

మూడు లీటర్లు పోస్తే 560 లీటర్లు ఎట్లా చెడిపోతాయని అరుగు మీద ఒకాయన వాదించాడు. పెన్సిలిన్ జాతి మందులైతే, నూరు కోట్ల పాళ్ళ పాలలో కొద్ది పాళ్ళ మందు ఉన్నా ఆ పట్టీ పట్టుకొంటుంది. ట్యూబులో ఉండే మందు దానితో పోల్చితే చాలా ఎక్కువ. ఇంటి ఆడవారికి ఈ సంగతి వేరే విధంగా తెలుసు. మందు వేసిన గేదె పాలు కాచి తోడు వేస్తే తెల్లవారినా పాలు పాలలాగే ఉంటాయి. తోడులో ఉన్న మేలు చేసే క్రిములను మందు చంపేస్తుంది. డైరీలో వేల లీటర్లకు తోడు వేసినప్పుడు ఇదే జరిగితే నష్టం ఎంతో మీరే ఊహించవచ్చు.

ఎన్ని రోజులు ఆపాలన్నది మందు డబ్బా మీద ఉంటుంది. 2012లో మన దేశపు మందుల నియమాలలో ఒక సవరణ చేశారు. దాని ప్రకారం ఆహారమిచ్చే పశువులకు వాడే మందు మీద, ఆఖరు మోతాదు తరువాత ఎన్ని రోజులు పాలు వాడరాదో ముద్రించాలి. ఆ మందుకు గడువు నిర్ణయమై ఉండకపోతే, పాలకు 7 రోజులకు తక్కువ కారాదు. రోజులను మొదటి సూది నుంచి కాక ఆఖరు సూది నుంచి లెక్కించాలి. ఈ ఒక్క సంగతి తెలియక పట్టుబడినవారిని మేము చూశాము.

2018లో దేశమంతటా ఆహార భద్రతా ప్రాధికార సంస్థ జరిపించిన పాల సర్వేలో 6,432 నమూనాలు పరీక్షించగా 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందులు పరిమితికి మించి ఉన్నాయి. నూటికి ఒకటికి కొంచెం పైన. తక్కువే గదా అనిపించవచ్చు. కాని మన పద్ధతిలో ఒకరి పాలు వేరుగా ఉండవు. అందరివీ ఒక క్యాన్‌లో, ఒక కూలర్‌లో కలుస్తాయి.

దాచిన రెండు ట్యూబులు

పాల నష్టం ఒక పూటతో పోయింది. అసలు కథ ఆ తరువాత జరిగింది.

ఇరవై రోజులకు ఆ చన్ను మళ్ళీ వాచింది. పెద్దమ్మ దూలం మీది ట్యూబులు తీసి రెండు రోజులు ఎక్కించింది. వాపు తీయలేదు. సూదుల అబ్బాయి వచ్చి ఇంకో రంగు మందు వేశాడు. దానికీ తగ్గలేదు. అప్పుడు పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు గారు పాల నమూనా తీసి ప్రయోగశాలకు పంపారు. క్రిములను పెంచి, ఏ మందుకు చస్తాయో ఏ మందుకు చావవో చూసే పరీక్ష అది. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఆమె వాడిన మందులలో ఒక్కదానికీ ఆ క్రిమి లొంగదని తేలింది. లొంగే మందు దొరికేసరికి ఆ భాగంలో పాలిచ్చే కండ గట్టిపడిపోయింది. ఆ గేదె ఇప్పుడు మూడు చన్నులతో పాలిస్తున్నది. సంతలో మూడు చన్నుల గేదెకు ఎంత ధర పలుకుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

రెండో రోజుకే వాపు తీసింది గదా, మరి క్రిములు ఎక్కడ మిగిలాయి? ఈ ప్రశ్న మేమూ డాక్టరు గారిని అడిగాము. వాపు, వేడి, పాల విరుగు అన్నీ క్రిములతో శరీరం పోరాడుతున్న గుర్తులు. క్రిములు తగ్గగానే పోరాటం తగ్గుతుంది. తగ్గడం వేరు, లేకపోవడం వేరు. స్టెఫిలోకాకస్ అనే క్రిమి పొదుగు కండలో లోతుగా, మందు సరిగా చేరని చోట దాక్కొంటుంది. కొన్ని జాతుల క్రిములు అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతాయి. ఆ లెక్కన ఒకే ఒక్క క్రిమి ఎనిమిది గంటలలో కోటి అరవై ఏడు లక్షలు దాటుతుంది. ఇంతమందిలో ఏ కొందరికో పుట్టుకతోనే మందును తట్టుకొనే గుణం ఉంటుంది. చాలీచాలని మందు వేస్తే బలహీనమైనవి చచ్చి, తట్టుకొన్నవి మిగులుతాయి. వాటికి చోటు ఖాళీ అవుతుంది. తరువాత పొదుగు నిండేది వాటి సంతానంతోనే.

పత్తి వేసిన పాతవారికి ఇది కొత్త సంగతి కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు లొంగకుండా పోయి ఎందరు రైతులను ముంచిందో మరచిపోలేదు. ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. చావనికొద్దీ ఇంకా కొట్టారు. పొదుగులో జరిగేదీ అదే.

ఈ సంగతి పెద్దలు ముందే చెప్పారు. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడు చేసిన ప్రసంగంలోనే దీనిని గురించి హెచ్చరించాడు. గొంతునొప్పి వచ్చిన ఒక మనిషి తానే పెన్సిలిన్ కొనుక్కొని చాలీచాలకుండా వాడతాడు. అతని గొంతులోని క్రిములు మందును తట్టుకోవడం నేర్చుకొంటాయి. అవి అతని భార్యకు అంటుకొంటాయి. ఆమెకు పెన్సిలిన్ పనిచేయక చనిపోతుంది. ఇది ఆయన చెప్పిన ఊహాకథ. మందు ఇంకా కొత్తగా ఉన్న రోజులలో చెప్పిన మాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. సగం మందు చెడ్డదయితే రెట్టింపు మందు మంచిదని అర్థం చేసుకోవద్దు. యాంటీబయాటిక్ వేసిన ప్రతిసారీ ఒంట్లోని క్రిములలో ఈ ఏరివేత జరుగుతూనే ఉంటుంది. అవసరమైనప్పుడు, సరైన మందు, డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు. అక్కరలేని చోట అసలే వద్దు. జ్వరానికీ సూదే, మేత తినకపోయినా సూదే, పాలు తగ్గినా సూదే అనే అలవాటు మన ఊళ్ళలో పాతుకొన్నది. సూది వేయని డాక్టరు డాక్టరే కాడనే సభ్యులూ ఉన్నారు.

కొట్టం దాటి ఇంటిలోకి

మందుకు లొంగని క్రిమి గేదె పొదుగులో ఉంటే ఉన్నది, మనకేమిటి అనుకోవడానికి లేదు. దీని వెనక ఒక చరిత్ర ఉన్నది. అందులో మన తెలుగువాని పేరు కూడా వస్తుంది.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న కాలంలో, ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ మందును కనిపెట్టాడు. 1948లో అది లోకానికి వెల్లడయింది. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు కాలం చేశారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది; ప్రాణాలు నిలిపిన మందు. 1950లో అదే సంస్థ శాస్త్రజ్ఞులు మరొక సంగతి ప్రకటించారు. ఈ మందును కొద్దిగా దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని. అంతటితో రోగం లేని పశువులకు, కోళ్ళకు కూడా మందు రోజూ మేపడం దేశదేశాలకు పాకింది.

దాని ఫలితమేమిటో అమెరికాలో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు 1976లో ప్రచురించాడు. బోస్టన్ నగరానికి దగ్గరలోని ఒక రైతు కుటుంబం వారి కోళ్ళకు టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టించి చూశాడు. వారం రోజులకే ఆ కోళ్ళ పేగులలోని క్రిములు దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కు లొంగనివైపోయాయి. అయిదారు నెలలలో ఆ ఇంటి మనుషుల పేగులలో కూడా అటువంటి క్రిములు పెరిగాయి. వారెవ్వరూ ఆ మందు మింగలేదు. ఇరుగుపొరుగు వారిలో ఆ పెరుగుదల లేదు. ఆ దాణా మానివేసిన ఆరు నెలలకు, పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో ఆ క్రిములు కనిపించలేదు. ఈ చివరి మాట మాకు ధైర్యమిచ్చింది. మానితే తగ్గే అవకాశమున్నదన్నమాట. అయితే అన్ని క్రిములూ అంత త్వరగా వదలవని డాక్టరు గారు అన్నారు.

క్రిములకు ఇంకొక విద్య ఉన్నది. అది శనగపచ్చ పురుగుకు లేదు. మందును తట్టుకొనే గుణాన్ని ఒక జాతి క్రిమి ఇంకొక జాతి క్రిమికి అందించగలదు. ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం వంటి పదార్థంలో ఆ గుణం వ్రాసి ఉంటుంది. ఉత్తరం చేతులు మారినట్లు అది ఒకదాని నుంచి మరొకదానికి పోతుంది. రక్తవిరేచనాల క్రిముల విషయంలో జపాన్ శాస్త్రజ్ఞులు 1959లో దీనిని నిరూపించారు. 2015లో చైనాలో పందులలో, మాంసంలో, ఆసుపత్రి రోగులలో కూడా కొలిస్టిన్ అనే మందుకు లొంగని గుణం ఈ విధంగా చేతులు మారుతున్నట్లు బయటపడింది. వేరే మందులన్నీ విఫలమైనప్పుడు వైద్యులు ఆఖరున వాడేది కొలిస్టిన్. అందుకే మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారమిచ్చే పశువులకు, కోళ్ళకు, చేపలకు, వాటి దాణాకు దానిని నిషేధించింది.

ఆసుపత్రులలో మందు పనిచేయని ప్రతి రోగికీ పశువులే కారణమని మేము వ్రాయడం లేదు. మనుషులు మందుల దుకాణంలో అడిగి కొనుక్కొని మింగే మాత్రలు ఇందులో చాలా పెద్ద కారణం. కాని పేడ ఎత్తేది మనమే. పాలు పితికేది మనమే. ఆ చేతులతోనే పిల్లలకు అన్నం కలిపిపెట్టేదీ మనమే.

మందు దాకా రాకుండా

పొదుగువాపును రానీయకపోవడమే అన్నిటికన్నా చవక. ఇందులో మన పెద్దలు చేసిన మంచి పనులు కొన్ని ఉన్నాయి, మానవలసినవి కొన్ని ఉన్నాయి.

మానవలసినది ముందు చెబుతాము. బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి లాగి పితికే అలవాటు మన జిల్లాలలో ఎక్కువ. దానివలన చన్ను లోపల గాయమవుతుంది. పిడికిలితో, మొత్తం అరచేతితో పితకడం నేర్చుకోవాలి. మొదటి వారం చేయి నొప్పి పెడుతుంది, ఆ తరువాత అలవాటవుతుంది.

పితికిన తరువాత చన్ను రంధ్రం దాదాపు అరగంట తెరచుకొనే ఉంటుంది. పశువు వెంటనే పేడలో, మూత్రంలో పడుకొంటే క్రిములు నేరుగా లోపలికి పోతాయి. అందుకే పాలు తీయగానే మేత వేయాలి; తింటూ నిలబడి ఉంటుంది. పితికిన వెంటనే చన్నులను పశువైద్యులు చెప్పిన అయోడిన్ ద్రావణంలో ముంచితే ఇంకా మంచిది. జబ్బు ఉన్న పశువును అన్నిటికన్నా చివర పితకాలి. ఆ పాలను కొట్టం నేల మీద పిండకూడదు. చాలామంది చేసే పని అదే: చెడ్డ పాలు నేల మీద పిండి, అదే చేతితో పక్క గేదె దగ్గర కూర్చుంటారు.

పైకి కనిపించని పొదుగువాపును ఇంటిలోనే కనిపెట్టవచ్చు. అర లీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బుపొడి కలపండి. ఒక్కొక్క చన్ను పాలు వేరువేరు గిన్నెలలో కొద్దిగా తీసి, అంతే కొలత సబ్బునీరు పోసి నెమ్మదిగా తిప్పండి. పలచగా ఉంటే బాగున్నట్లే. గంజిలాగ, జిగురులాగ చిక్కబడితే ఆ చన్నులో వాపు మొదలయిందని అర్థం. పదిహేను రోజులకొకసారి చూసుకొంటే చాలు. ఖర్చు చాలా తక్కువ. పరీక్షించిన పాలు మాత్రం పారబోయాలి.

తొలిదశలో, పశువు ఇంకా మేత మానకుండా ఉన్నప్పుడు, ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న పైపూత ఒకటి ఉన్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ఎర్రని ముద్ద అవుతుంది. పొదుగులోని పాలన్నీ తీసివేసి, కడిగి, ఆ ముద్దలో కొంత తీసి నీళ్ళతో పలుచన చేసి పొదుగంతా పూయాలి. రోజుకు ఎనిమిది పది సార్లు, అయిదు రోజులు. మొదట విన్నప్పుడు మేము అంతగా నమ్మలేదు. రెండు మూడు సంఘాలలో వాడినవారిని అడిగి చూసిన తరువాత, తొలిదశలో ప్రయత్నించదగినదేనని అనుకొంటున్నాము. పశువుకు జ్వరం వచ్చినా, మేత మానినా, పాలలో రక్తం పడినా పూతతో కాలయాపన చేయక డాక్టరును పిలవాలి. పిలిచినప్పుడు, మందు వేయకముందే పాల నమూనా తీసి పంపమని అడగండి. మందు వేసిన తరువాత తీసిన నమూనాలో క్రిమి సరిగా పెరగదు.

చెప్పినవారికి శిక్షా?

ఇప్పుడు మా తప్పు ఒకటి వ్రాయాలి. పెద్దమ్మను మేము ఆఖరుకు అడిగాము: "సూది వేయించిన సంగతి సంఘంలో ఒక మాట చెప్పి ఉండవచ్చు గదా?"

"చెబుదామనే వచ్చాను బాబూ. పోయిన నెల మా వీధి ఆయన నిజం చెప్పాడు. ఏడు రోజులు పాలు ఆపారు. పైసా ఇవ్వలేదు. నాకు రెండు గేదెలే. ఒకటి చూడిది, వట్టిపోయి ఉన్నది. వారం రోజులు ఆపితే నేనేం తినేది?"

ఆ సంఘం పాలకవర్గం నిజంగానే అట్లా తీర్మానం చేసింది. మందు వేసిన పశువు పాలు ఏడు రోజులు తీసుకోరాదు, అంతే. అందులో వేరే మాట లేదు. ఆ తీర్మానం చక్కగా ఉన్నదని అంతకుముందు తనిఖీ పుస్తకంలో మెచ్చుకొని సంతకం చేసింది మేమే. నిజం చెప్పినవాడు ఏడు రోజుల కూలి పోగొట్టుకొంటాడు. దాచినవాడు పట్టుబడితే చూసుకొందాంలే అనుకొంటాడు. అటువంటి తీర్మానం మనుషులకు దాచడం నేర్పుతుందని ఆ రోజు కాగితాల మధ్య కూర్చున్న మాకు తోచలేదు.

లెక్క వేసి చూడండి. పెద్దమ్మ గేదె రోజుకు ఆరు లీటర్లిస్తుంది. ఏడు రోజులకు 42 లీటర్లు. సంఘం పారబోసినది 560 లీటర్లు. ఆ 42 లీటర్లకు పూర్తి ధర ఇచ్చి ఆపినా సంఘానికి 518 లీటర్లు మిగిలేవి.

మహాజనసభలో ఈ లెక్క బల్ల మీద వ్రాసి చూపించాము. మూడు గంటలు వాదన జరిగింది. పాలు పోయనివారికి డబ్బెందుకని ఒక వర్గం, రేపు అందరూ గేదెకు జబ్బని వస్తారని ఇంకొక వర్గం. చివరకు తేలింది ఇది: పశువైద్యాధికారి చీటీ తెచ్చి, పాలు పోయకముందే చెప్పిన సభ్యునికి ఆపిన రోజులకు సగం ధర సంఘం ఇవ్వాలి. దానికి లాభంలో నుంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. దాచి పోసి పట్టుబడితే నష్టంలో భాగం ఆ సభ్యుని పాల బిల్లు నుంచి కోయాలి. చీటీ ఉండాలన్న షరతు వలన సూదుల అబ్బాయి దగ్గరకు పోవడం తగ్గి ఆసుపత్రికి పోవడం పెరిగింది. ఇది మేము అనుకోని లాభం.

పెద్దమ్మ దగ్గర కోత కోయాలా వద్దా అన్నదానిపై మళ్ళీ అరగంట. తీర్మానానికి ముందు జరిగింది కనుక వద్దని, ఆ రోజు అరుగు మీద అందరికంటె గట్టిగా అరిచినాయనే లేచి చెప్పాడు.

సంఘంలో ఇప్పుడొక మందుల పుస్తకం ఉన్నది. సభ్యుని నంబరు, పశువు గుర్తు, మందు పేరు, ఆఖరు మోతాదు వేసిన తేదీ, పాలు మళ్ళీ పోయదగిన తేదీ. చదువు రానివారు ఖాళీ సీసానో, డబ్బానో తెచ్చి చూపితే కార్యదర్శి చూసి వ్రాసుకొంటాడు. గడువు తీరిన తరువాత మొదటిసారి పోసేటప్పుడు ఆ ఒక్క నమూనాకు పట్టీ పరీక్ష చేస్తారు.

సభలో అడిగిన రెండు ప్రశ్నలు

బాగా కాచితే మందు పోతుంది గదా అని ఒకరు అడిగారు. కాచితే క్రిములు చస్తాయి. అందుకే పచ్చిపాలు తాగరాదని మేము ఎప్పుడూ చెబుతూనే ఉన్నాము. మందు మాత్రం అట్లా పోదు. పెన్సిలిన్ జాతి మందులు కాచిన తరువాత కూడా చాలా వరకు పాలలో మిగిలే ఉంటాయి. పెన్సిలిన్ పడని మనిషి ఆ పాలు తాగితే దద్దుర్లు రావచ్చు, ఊపిరాడని స్థితి కూడా రావచ్చు.

రెండవ ప్రశ్న పెద్దమ్మే అడిగింది: "పోయకూడని పాలు దూడకు పడితే తప్పేమిటి బాబూ? పారబోయడానికి చేతులు రావు."

ఈ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేక డాక్టరు గారినే లేపి నిలబెట్టాము. దూడ పేగులలో అప్పుడప్పుడే క్రిములు స్థిరపడుతుంటాయని, పాలలో వచ్చే కొద్దిపాటి మందు వాటిలో లొంగని వాటినే ఏరి పెంచుతుందని, రేపు ఆ దూడకు పారుడు పట్టుకొంటే వేయడానికి మందు ఉండదని ఆయన చెప్పారు. ఆ పాలు బావికి, చెరువుకు, పశువులు తిరిగే చోటికి దూరంగా గుంట తీసి పోసి మట్టి కప్పాలన్నారు. అన్ని రోజులు దూడకు రెండో గేదె పాలు పట్టాలన్నారు.

"రెండోది చూడిదని చెప్పాను గదయ్యా" అన్నది ఆమె.

పక్క వీధి సభ్యుడొకడు లేచి, తన గేదె దూడ చనిపోయిందనీ, పూటకు అర లీటరు తన ఇంట పోసుకొమ్మనీ అన్నాడు. ఆ మాటను కూడా కార్యదర్శి మినిట్స్ పుస్తకంలో వ్రాయబోతే, అది వ్రాయనక్కరలేదని మేమే ఆపాము.